తిరుగు యంత్రముల యొద్ద రైతు వహింపవలసిన జాగ్రత్తలు

(రైతుల సమావేశమునందు చేయబడిన ప్రసంగ పాఠము)



నేడు నేను విత్తనములను గూర్చి గాని, ఎరువులను గూర్చి గాని ప్రసంగించుటకు మీ యెదుట నిలువలేదు. మీ పొలములలోను, కళ్ళములలోను, బావుల గట్లమీదను ప్రతిదినము తిరుగుచుండెడి యంత్రములను గూర్చియు, వాని వలన మీకును, మీ బిడ్డలకును, మీ పనివారికిని కలుగగల అపాయమును గూర్చియు, ఆ యపాయమును తప్పించుకొను ఉపాయములను గూర్చియు కొన్ని మాటలు మనవి చేయుదును. ఒక యేటి పంట పోయినచో మఱుసటి యేడు పండించుకొనవచ్చును. పోయిన చేయి మఱల మొలవదు. కావున ఈ విషయము విత్తనముల కంటెను, ఎరువుల కంటెను తక్కువైనది కాదని మీరు గ్రహింపగోరుచున్నాను.

ఎద్దునకును యంత్రమునకును గల భేదము

మన పెద్దలు మోటతో నీరు తోడిరి, నాగలితో దున్నిరి, కళ్ళమున బంతి కట్టి ఎద్దులచే తొక్కించి నూర్చిరి. ఆ పనులయందును దెబ్బలు తగులకపోలేదు. మోట త్రాడు తెగెడిది, కఱ్ఱు కాలికి దిగెడిది, పొగరుబోతు ఎద్దు కుమ్మెడిది. అయినను ఎద్దు ప్రాణముగల జీవము. మనిషి కాలు జారి దాని ముందు పడినచో అది బెదరును, నిలుచును, లేదా ప్రక్కకు తొలగును. తోలువాడు కేక వేసినచో ఆ కేక దానికి వినబడును. అలసినప్పుడు తానే మెల్లగిల్లి యజమానికి హెచ్చరిక చేయును.

యంత్రమునకు చెవులు లేవు, అలసట లేదు, జాలి లేదు. పనకును మనిషి చేతికిని గల భేదము దానికి తెలియదు. లోనికి వచ్చినదానిని లాగుకొనుటయే దాని పని. మన అలవాట్లన్నియు ఎద్దుల కాలమున ఏర్పడినవి. పని జరుగుచుండగనే దగ్గఱకు పోయి సవరించుట, తట్టుకొన్న గడ్డిని చేతితో లాగివేయుట, పిల్లలను వెంట తీసికొనిపోయి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట - ఇవి యెద్దుతో చెల్లినవి. ఇవియే యంత్రముతో ప్రాణాంతకములగుచున్నవి. 1931లో పూర్తియైన నిజాంసాగరు క్రింది మాగాణులలో ఆనాడు ఎద్దులతో దమ్ము చేసినవారి మనుమలు నేడు ఇనుపచక్రముల ట్రాక్టరులతోను, రోటావేటరులతోను దమ్ము చేయుచున్నారు. పనిముట్టు మాఱినది. మనిషి అలవాటు మాత్రము ఇంకను మాఱవలసియున్నది.

వేగపు లెక్క

ట్రాక్టరు వెనుకభాగము నుండి పనిముట్టునకు బలము నందించు ఇరుసును మీరందఱు చూచియే యుందురు. డ్రైవర్లు దీనిని పి.టి.ఓ. షాఫ్టు అందురు. రోటావేటరును, నూర్పు యంత్రమును, మొక్కజొన్న వలుచు యంత్రమును త్రిప్పునది ఇదియే. దీనికి నిర్ణయింపబడిన వేగము నిమిషమునకు 540 చుట్లు. కొన్ని ట్రాక్టరులకు 1000 చుట్ల వేగము గూడ కలదు. 540 చుట్లనగా సెకనుకు 9 చుట్లు. కనుఱెప్ప వేసి తీయులోపలనే అది ఒకటి రెండు మాఱులు తిరిగివచ్చును.

ఇప్పుడొక చిన్న లెక్క వేసి చూతము. ఇరుసు యొక్క అడ్డుకొలత 3 అంగుళములనుకొందము. దాని చుట్టుకొలత సుమారు 9½ అంగుళములగును. సెకనుకు 9 చుట్లు చొప్పున దాదాపు 85 అంగుళములు, అనగా 7 అడుగుల గుడ్డ, ఒక్క సెకనులో దానికి చుట్టుకొనును. నాలుగు గజముల పంచె రెండు సెకనులలోపల చుట్టుకొనును. ఆఱు గజముల చీర మూడు సెకనులలోపల చుట్టుకొనును. చుట్టుకొన్న కొలది ఇరుసు లావెక్కును గావున, లాగు వేగము గూడ అంతకంతకు హెచ్చును.

ఇక మనిషి సంగతి చూడుడు. కండువా కొంగు లాగబడినట్లు వానికి తెలియవలెను. తెలిసిన పిమ్మట కేక వేయవలెను. ఇంజను మ్రోతలో ఆ కేక డ్రైవరునకు వినబడవలెను. వినిన డ్రైవరు సంగతి గ్రహించి యంత్రమును విడదీయవలెను. ఎంత చుఱుకైనవారికైనను ఈ నాలుగు పనులు జరుగుటకు రెండు మూడు సెకనులు పట్టును. అంతలోపల జరుగవలసిన కీడంతయు జరిగిపోవును.

ఈ లెక్కను నేనెందుకు చెప్పుచున్నాననగా, మనవారిలో పలువురు "మేము జాగ్రత్తగానే యుందుము, మాకేమియు కాదు" అని యందురు. జాగ్రత్త మంచిదే. కాని సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుదానితో మనుష్యుని జాగ్రత్త పందెము వేయజాలదు. కావున రక్షణ మన చుఱుకుదనమునందు లేదు. యంత్రమునకు తొడుగు వేయుటయందును, దానిని నిలిపిన పిమ్మటనే చేయి పెట్టుటయందును మాత్రమే యున్నది. నా ప్రసంగమంతటికిని సారము ఈ యొక్క మాటయే. తక్కినవన్నియు దీని వివరములు.

ఇరుసునకు తొడుగు

క్రొత్త పనిముట్టు వచ్చునప్పుడు ఇరుసు మీద గొట్టము వంటి తొడుగు వచ్చును. బజారున దీనిని గార్డు అందురు. లోపల ఇరుసు తిరుగుచుండగా ఈ తొడుగు తాను తిరుగక నిలిచియుండుటకై దానికి రెండు కొనలను సన్నని గొలుసులుండును. ట్రాక్టరు వెనుక ఇరుసు మూతిపై ఇనుప కప్పు ఒకటి, పనిముట్టు వైపున మఱియొక కప్పు ఉండును. ఈ మూడును కలిసిననే రక్షణ సంపూర్ణమగును.

అయితే మన గ్రామములలో తొడుగు లేని ఇరుసులే తఱచుగా కనబడుచున్నవి. కారణమేమి? కందెన వేయుటకు అడ్డమని మొదటి యేట ఎవరో తీసివేయుదురు. తీసినది కొట్టమున మూల పడియుండును. గొలుసు తెగినప్పుడు మఱల కట్టరు. ప్లాస్టికు తొడుగు పగిలినచో క్రొత్తది కొనరు. తొడుగు లేకున్నను యంత్రము నడుచుచునే యుండును గావున, దాని లోపము ఎవరికిని కొఱతగా తోచదు. లోపము తెలియు దినమున దానిని సవరించుకొను యవకాశముండదు.

దుక్కులు ప్రారంభించుటకు ముందు ఇంజను నిలిపి తొడుగును చేతితో త్రిప్పి చూడుడు. అది ఇరుసుతో సంబంధము లేక సులభముగా తిరుగవలెను. పట్టివేసినచో లోపలి బేరింగు అరిగినదని యర్థము. అట్టి తొడుగు ఇరుసుతో పాటు తానును తిరిగి గుడ్డను లాగుకొనును. అది యున్నను లేనట్లే.

మఱియొక విషయము. బరువు మించినప్పుడు ముందుగా తెగి గేరు పెట్టెను కాపాడుటకు ఇరుసునందు ఒక బోల్టు ఉంచబడును. అది తెగినప్పుడు కొందఱు తగిన బోల్టు దొరకక పొడవగు మేకునో, ఇనుప కడ్డీ ముక్కనో తగిలించుదురు. ఆ మేకు కొన బయటకు పొడుచుకొనివచ్చి, తిరుగునప్పుడు కంటికి కనబడక, ప్రక్కగా పోవువాని పంచెను గాలము వలె పట్టుకొనును. తగిన బోల్టులు నాలుగు ఎల్లప్పుడు పనిముట్ల సంచిలో నుంచుకొనుడు. మేకు ఎన్నడును వలదు.

తిరుగుచున్న ఇరుసును దాటరాదు; దాని మీదుగా కాలు వేయరాదు; దాని క్రిందుగా దూరరాదు. చుట్టు తిరిగి వచ్చుటకు ఇరువది అడుగులు నడువవలసివచ్చినను నడువవలెను. పని లేనివారు దాని నుండి తమ నిలువెత్తుకు తక్కువ గాని దూరమున నుండవలెను.

రోటావేటరు

రోటావేటరునందు ముప్పది నలువది కత్తులుండును. అవి నిమిషమునకు సుమారు 200 మాఱులు తిరిగి మట్టిని పొడి చేయును. గట్టి చెలకను ఛేదించు కత్తికి ఎముక ఒక లెక్కలోనిది కాదు. దీని వలన కీడు ముఖ్యముగా రెండు విధముల కలుగుచున్నది.

మొదటిది, ట్రాక్టరు మడ్గార్డు మీద పిల్లలను గాని, పెద్దలను గాని కూర్చుండబెట్టుకొనుట. గట్టు దాటునప్పుడు ట్రాక్టరు కుదుపునకు జారి పడినవాడు నేరుగా పెద్ద చక్రము క్రిందనో, కత్తుల క్రిందనో పడును. పిల్లవాడు ట్రాక్టరెక్కుదునని ఏడ్చునప్పుడు తండ్రికి ముద్దు వచ్చుట సహజమే. ఏడ్చిన పిల్లవాడు కొంతసేపటికి ఊరకుండును. ఆ జాలికి లోబడిన తండ్రికి మాత్రము జన్మమంతయు ఊరట దొరకకపోవచ్చును. ట్రాక్టరుపై నొక్క పీఠమే కలదు; దానిపై నొక్క మనిషియే కూర్చుండవలెను. రోటావేటరు లోతునకు దిగవలెనని దాని మీద మనిషిని నిలుపుట మఱింత ఘోరము. బరువు కావలసినచో రాతిని గట్టుడు, మనిషిని నిలుపవలదు.

రెండవది, కత్తులకు చుట్టుకొన్న తీగలను, వరిగడ్డిని, ప్లాస్టికు పట్టలను తీసివేయుట. ఇట్టి సమయమున చేయవలసిన క్రమమిది. పి.టి.ఓ. మీట విడదీయుడు. ఇంజను ఆర్పుడు. తాళపుచెవి తీసి, తీయబోవువాని జేబులోనే ఉంచుడు. కత్తులు పూర్తిగా నిలుచువఱకు వేచియుండుడు. రోటావేటరును ఎత్తియుంచినచో దాని క్రింద దృఢమైన దిమ్మలు పెట్టుడు. హైడ్రాలిక్కు మీటను మాత్రము నమ్మి క్రింద చేతులు పెట్టవలదు. తాళపుచెవి జేబులో నున్నంతకాలము మఱియొకడు పొరపాటున ఇంజను నడుపజాలడు. ఈ యొక్క అలవాటు చేతులను కాపాడును.

నూర్పు యంత్రము

1960, 1970 దశకములయందు పంజాబు, హర్యానా మొదలగు ప్రాంతములలో గోధుమ నూర్పు యంత్రములు విరివిగా వ్యాపించినప్పుడు పనలు పెట్టుచు చేతులు కోల్పోయినవారు అనేకులు. దీని ఫలితముగా భారత పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టమును చేసెను. ఇట్టి యంత్రముల యొద్ద పనిచేయు కూలీల క్షేమమును, వారికి మరణము గాని గాయము గాని కలిగినచో పరిహారమును ఈ చట్టమునకు ఉద్దేశములుగా చెప్పబడినవి. నూర్పు యంత్రములు దానియందు ముఖ్యముగా పేర్కొనబడినవి. కావున యంత్రము యొద్ద జరుగు కీడు కూలివాని తలవ్రాత మాత్రమే కాదని ఈ దేశపు చట్టము ఏనాడో ఒప్పుకొన్నది.

యంత్రమును కొనునప్పుడును, అద్దెకు తెచ్చుకొనునప్పుడును మీరు మొదట చూడవలసినది పనలు పెట్టు దోనె. భారత ప్రమాణముల ననుసరించి ఈ దోనె 90 సెంటీమీటర్లకు, అనగా ఇంచుమించు 3 అడుగులకు తక్కువ గాక యుండవలెను. అందులో డ్రమ్ము వైపుననున్న 45 సెంటీమీటర్లు పైన మూయబడియుండవలెను. ఈ కొలతకు కారణము తేటతెల్లము. మనిషి చేయి చాచినను డ్రమ్ము పండ్లకు అందకుండవలెను. పొట్టి దోనెగల యంత్రము చౌకగా వచ్చినను కొనవలదు. మీరు కొలత కఱ్ఱ తీసికొని దోనెను కొలువుడు. వర్తకుడు నవ్వినచో నవ్వనిండు.

పనలు పెట్టువాడు సమమైన గట్టి నేలపై గాని, కదలని బల్లపై గాని నిలువవలెను. బస్తాల మీద, జారు గడ్డి కుప్పల మీద నిలిచినవాడు జారినప్పుడు సహజముగా చేతులు ముందునకు చాచును; ముందునున్నది డ్రమ్ము నోరు. పన తట్టుకొన్నచో చేతితో త్రోయరాదు. తరువాతి పనతో గాని, పొడవగు కఱ్ఱతో గాని త్రోయవలెను. తడిసిన పనలు తఱచుగా తట్టుకొనును గావున ఆరనిచ్చి పెట్టుట మేలు. ఒక మనిషిని గంటలకొలది అదే చోట నిలుపక, గంటకొకసారి మార్చవలెను. ధూళి కన్నులలో పడుచు, మ్రోత చెవులలో మ్రోగుచుండగా, ఒకే పని చేయుచున్నవానికి కొంతసేపటికి చేయి తన వశము తప్పును. రాత్రి నూర్పునందు చాలినంత వెలుతురు లేనిదే పని సాగింపరాదు. త్రాగియున్నవానిని కళ్ళమునకు రానీయరాదు.

ఇంజను నిలిపినంతనే డ్రమ్ము నిలువదు. బరువైన చక్రము తన ఊపున తాను కొంతసేపు తిరుగుచునే యుండును. మ్రోత ఆగినది గదా యని మూత తీసి చేయి పెట్టినవారు వ్రేళ్ళు కోల్పోవుదురు. చెవిని నమ్మవలదు, పుల్లీ పూర్తిగా నిలుచుట కంటితో చూచిన పిమ్మటనే మూత తీయవలెను.

ఇతర యంత్రములు

చొప్ప కోయు యంత్రము ఇంటి యొద్దనే యుండును గావున పిల్లలకు అదియొక ఆటవస్తువగుచున్నది. ఒకడు చక్రము త్రిప్పును, మఱియొకడు పుల్ల పెట్టి చూచును. పని ముగిసినంతనే చక్రమునకు చీల వేసి తాళము బిగింపవలెను. కత్తుల మీద కప్పు ఉండవలెను. చొప్పను చేతితో కొన వఱకు నెట్టక, చివరి పిడికెడును పశువులకు అట్లే వేయుట మేలు. ఆ పిడికెడు చొప్ప కొఱకు వ్రేళ్ళను పణము పెట్టుట వ్యవసాయము కాదు.

చెఱకు గానుగయందు రోళ్ళ నడుమకు చేయి పోయినచో వెనుకకు తీయుట సాధ్యము కాదు. గడ తల పెట్టువాడు గడను పొడవుగా పట్టి, రోలునకు రెండడుగుల దూరముననే విడువవలెను. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో పసుపు కొమ్ములకు మెఱుగు పెట్టు డ్రమ్ములయందు కొమ్ములు నింపునప్పుడును, తీయునప్పుడును డ్రమ్మును పూర్తిగా నిలిపి, కదలకుండ చీల వేయవలెను.

బావి యొద్ద ఇంజనునకును పంపునకును నడుమ తిరుగు బెల్టునకు జాలి గాని, రేకు కప్పు గాని వేయింపుడు. తిరుగుచున్న బెల్టును చేతితో గాని, కాలితో గాని పుల్లీపై ఎక్కింపరాదు. కరెంటు మోటారుతో నడచు యంత్రములయందు మఱియొక మోసము కలదు. కరెంటు పోయి యంత్రము నిలిచినప్పుడు, ఇదియే సమయమని లోపల చేయి పెట్టి గడ్డిని తీయుదురు. స్విచ్చి వేసియే యున్నది. కరెంటు చెప్పి రాదు. కావున కరెంటు పోయిన క్షణముననే స్విచ్చి తీయవలెను. తనంతట తాను మోటారును నడుపు ఆటో స్టార్టరులు చొప్ప యంత్రములకును, నూర్పు యంత్రములకును ఎంతమాత్రము తగవు.

దుస్తులు

తిరుగు యంత్రము యొద్ద పనిచేయువారు వ్రేలాడునది ఏదియు ధరింపరాదు. కండువాను, తలగుడ్డ వ్రేలాడు కొనను, పంచె కుచ్చెళ్ళను, చేతి కడియమును, గడియారమును, మెడలో వదులుగా వ్రేలాడు త్రాడును విడువవలెను. పంచెకు బదులు లాగు గాని, బిగువైన ప్యాంటు గాని మేలు. చేతి తొడుగులు రక్షించునని కొందఱనుకొందురు. తిరుగు భాగముల యొద్ద చేతి తొడుగు గూడ చేతిని లోనికి లాగు సాధనమే యగును.

స్త్రీలు కళ్ళమున తూర్పారబోయుట, పనలు మోసి అందించుట చేయుదురు. చీరపై పొడవు చేతుల చొక్కా వేసికొని బొత్తాములు పెట్టుకొని, కొంగును నడుమునకు బిగించి దోపుకొని, జడను ముడిచి గుడ్డతో కట్టుకొనుట మన ప్రాంతపు కూలి స్త్రీలకు తెలిసిన పద్ధతియే. ఎండకును నూగునకును ఏర్పడిన ఈ పద్ధతి యంత్రముల యొద్ద ప్రాణరక్షణమగును. గాజులు తీయుట స్త్రీలకు ఇష్టముండదు. కావున వారిని గాజులు తీయుమని నిర్బంధించుట కంటె, డ్రమ్ము నోటి యొద్దకును, ఇరుసు యొద్దకును పంపకుండుటయే యజమాని చేయవలసిన పని.

యజమాని బాధ్యత

మహాశయులారా, ఇంతవఱకు చెప్పినవన్నియు పనివారికిని డ్రైవరునకును తెలియనివి కావు. తెలిసియు ఏల తప్పుచున్నారు? ఒక కళ్ళమును మనస్సునకు తెచ్చుకొనుడు. పడమట మబ్బు పట్టినది. సగము కుప్ప ఇంకను నూర్పవలసియున్నది. యంత్రము అద్దెది, గంటకింతయని లెక్క. మఱియొక రైతు తన వంతు కొఱకు గట్టు మీద నిలిచియున్నాడు. పన తట్టుకొన్నది. యంత్రమును నిలిపినచో మఱల నడుపుటకు ఐదు నిమిషములు పట్టును. యజమాని నోట నొక్క మాట వచ్చును: "కానీ, కానీ, తొందరగా కానీయుడు." ఆ మాట విన్న కూలివాడు యంత్రమును నిలుపుమని యడుగునా? అడుగడు. చేయి పెట్టును.

కాబట్టి కూలివాని చేయి డ్రమ్ములోనికి పోవుటకు ముందు యజమాని మాట పోవుచున్నది. యంత్రమును నిలుపు అధికారము కూలివానికి లేదు. డ్రైవరునకు సగము కలదు. మీకు సంపూర్ణముగా కలదు. దినమునకు పది మాఱులు నిలిపినను ఐదేసి నిమిషముల చొప్పున యేబది నిమిషములే యగును. ఒక గంట అద్దెకును, ఒక మనిషి కుడిచేతికిని సరితూచి చూడుడు. ఆ చేతిపై నొక కుటుంబము బ్రతుకుచున్నది. మీరు పొలమునకు యజమానులైనట్లే ఆ దినమున మీ కళ్ళమున నిలిచిన ప్రతి మనిషి క్షేమమునకును బాధ్యులు.

నేను కోరునది ఇంతియే. నూర్పు ప్రారంభించుటకు ముందు పనివారినందఱిని పిలిచి, అందఱు వినునట్లు ఈ మాట చెప్పుడు: "పన తట్టుకొన్నచో యంత్రమును నిలుపవలెను. నిలుపుమని ఎవరు కేక వేసినను నిలుపవలెను. ఆలస్యమైనందుకు నేనెవరిని ఒక మాట అనను." ఈ మాటకు వ్యయము లేదు. తొడుగు కంటెను ఇది గొప్ప తొడుగు. అద్దె యంత్రమునకు తొడుగు లేనిదే మీ పొలమున దిగనీయవలదు. గ్రామమున పదుగురు రైతులు ఈ మాటపై నిలిచినచో, అద్దెకిచ్చువాడు వారము లోపల తొడుగు వేయించుకొనివచ్చును.

కీడు జరిగినప్పుడు

ఎంత జాగ్రత్తపడినను కీడు జరిగినచో ధైర్యము విడువక ఈ క్రమమును పాటింపుడు.

మొదట ఇంజను ఆర్పుడు, స్విచ్చి తీయుడు. చిక్కుకొన్నవానిని బలవంతముగా లాగవలదు. యంత్రమును వెనుకకు త్రిప్పుటకు తొందరపడవలదు, గాయము హెచ్చగును. ఒకరు 108కు ఫోను చేయుడు. మఱియొకరు మెకానిక్కును పిలువుడు. ఇంకొకరు బండి వచ్చు త్రోవలో నిలువుడు.

రక్తము కాఱుచున్నచో శుభ్రమైన గుడ్డను మడిచి గాయముపై గట్టిగా అదిమిపట్టుడు. గుడ్డ తడిసినను తీయక, దానిపై మఱియొకటి వేసి అదుముడు. చేయి గాని కాలు గాని నలిగి, ఎంత అదిమినను రక్తము ధారగా వచ్చుచున్నచో, గాయమునకు రెండు మూడంగుళముల పైన, కీలు మీద గాక, వెడల్పు గుడ్డతో బిగించి కట్టుడు. కట్టిన వేళను వ్రాసియుంచి వైద్యునకు చెప్పుడు. దారముతో గాని తీగతో గాని కట్టరాదు. పసుపు, కాఫీ పొడి, సున్నము, మట్టి గాయమునకు పెట్టరాదు.

తెగిన వ్రేలిని పాఱవేయవలదు. దానిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టికు సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ సంచిని మంచుగడ్డలు వేసిన నీటిలో నుంచి, గాయపడినవానితో పాటు ఆసుపత్రికి పంపుడు. వ్రేలు నేరుగా మంచుగడ్డకు తగులరాదు. కొన్ని గంటలలోపల పెద్ద ఆసుపత్రికి చేరినచో అతుకు యవకాశము కలదు. ఈ సంగతి తెలియక మన గ్రామములలో అతుకదగిన వ్రేళ్ళు మట్టిలో పాతిపెట్టబడినవి.

సారాంశము

1. తొడుగు లేని ఇరుసును తిరుగనీయవలదు.
2. నిలిపి, తాళపుచెవి జేబులో వేసికొని, పూర్తిగా నిలుచుట కంటితో చూచి, పిమ్మట చేయి పెట్టుడు.
3. ట్రాక్టరుపై నొక్కరే, రోటావేటరుపై ఎవరును కూడదు.
4. నూర్పు యంత్రపు దోనె 90 సెంటీమీటర్లు, అందు మూసిన భాగము 45 సెంటీమీటర్లు ఉన్నదో లేదో కొలిచి చూడుడు.
5. వ్రేలాడు వస్త్రము, విప్పిన జడ, కడియము యంత్రము యొద్ద కూడదు.
6. కరెంటు పోయినంతనే స్విచ్చి తీయుడు.
7. పిల్లలను కళ్ళమునకు దూరముగా నుంచుడు. చొప్ప యంత్రమునకు తాళము వేయుడు.
8. "నిలుపుము" అన్న కేక ఎవరిదైనను నిలుపవలెను.

మహాశయులారా! మీరు ఇండ్లకు పోయిన పిమ్మట ఒక్క పని చేయుడు. మీ కొట్టమున మూల పడియున్న ఆ తొడుగును వెదకి, దుమ్ము దులిపి, గొలుసు చూచి, రేపు ప్రొద్దుననే ఇరుసునకు తొడుగుడు. ఈ ప్రసంగమునకు నేను కోరు ఫలమదియే. మీ కళ్ళములు నిండుగా నుండుగాక! కళ్ళమునకు ప్రొద్దున వచ్చిన ప్రతివాడును సాయంకాలము రెండు చేతులతో ఇల్లు చేరుగాక!